సాహస వైమానికురాలు అమీలియా ఇయర్‌హార్ట్

మన పెద్దలు దూరప్రయాణమునకు బండి కట్టునపుడు తిథివారములు చూచుకొనుటతోనే తృప్తి చెందెడివారు కారు. ఇరుసునకు కందెన పెట్టిరో లేదో, కడచీల బిగువుగ నున్నదో లేదో, ఎడ్ల కాళ్లకు నాడెములు అరిగినవో లేదో స్వయముగ వంగి పరీక్షించిన పిదపనే బండి యెక్కెడివారు. ముహూర్తము మంచిదైనను కడచీల ఊడిన బండి గమ్యము చేరదని వారెఱుగుదురు. నేలపై నడచు బండి విరిగినచో దిగి నిలువవచ్చును. ఆకాశమున నిలుచుటకు చోటు లేదు. కావున విమానయానమునందు బయలుదేరుటకు ముందు చేయు పరీక్షయే సగము ప్రయాణము. అమెరికా దేశపు వైమానికురాలు అమీలియా ఇయర్‌హార్ట్ చరిత్రము ఈ సత్యమునకు రెండు విధములుగను నిదర్శనమై యున్నది. ఆమె విజయములును, ఆమె యంతమును ఒకే పాఠమును బోధించుచున్నవి.

జననము, బాల్యము

అమీలియా 1897వ సంవత్సరము జూలై 24వ తేదీన అమెరికా సంయుక్త రాష్ట్రములలోని కాన్సస్ రాష్ట్రమున, ఆచిసన్ అను పట్టణమునందు మాతామహుని గృహమున జన్మించెను. మాతామహుడు ఆల్ఫ్రెడ్ ఓటిస్ న్యాయాధిపతిగ పనిచేసి పేరొందినవాడు. తండ్రి ఎడ్విన్ ఇయర్‌హార్ట్ రైల్వే కంపెనీల వ్యవహారములు చూచు న్యాయవాది. తల్లి పేరు ఆమీ. మ్యూరియల్ అను చెల్లెలు రెండేండ్లు చిన్నది. అమీలియా బాల్యము చాలవరకు మాతామహుల యింటనే గడచెను. ఆ యింట నొక మంచి గ్రంథశాల యుండెను. ఆ బాలిక అందలి పుస్తకములను ఆసక్తితో చదువుచు గంటల కొలది కాలము గడపుచుండెడిది. సాహసకథలలో వీరులందఱు మగపిల్లలుగనే యుండుట ఏలయని యామెకు చిన్ననాటనే సందేహము కలిగెనట.

ఏడేండ్ల వయసున ఆమె సెయింట్ లూయిస్ నగరపు గొప్ప ప్రదర్శనమును చూచి వచ్చెను. వచ్చిన వెంటనే పెరటిలోని పాక కప్పుపైనుండి నేల వఱకు పలకలు అమర్చి, వానిపై చెక్కపెట్టెలో గూర్చుండి జాఱెను. పెట్టె బోల్తాపడెను, పెదవి చిట్లెను, గౌను చిరిగెను. అయినను ఎగిరినట్లున్నదని యామె సంతోషముతో గంతులు వేసెనట. పెద్దలు ఆ కట్టడమును విప్పించివేసిరి.

తండ్రి మద్యపానమునకు లోబడుటచే కుటుంబము కష్టములపాలయ్యెను. ఊరూరు మారవలసివచ్చుటచే ఆమె చదువు అనేక పాఠశాలలలో సాగెను. చికాగో నగరమున చేరినపుడు ఆమె దగ్గఱనున్న పాఠశాలలో చేరక, పాఠశాలల రసాయనశాలలను స్వయముగ చూచి వచ్చి, మంచి ప్రయోగశాల యున్న దానినే యెన్నుకొనెను. కంటితో చూడక దేనిని నమ్మకుండుట ఆమెకు అప్పటికే యలవాటయ్యెను.

1917వ సంవత్సరాంతమున ఆమె చెల్లెలిని చూచుటకై కెనడా దేశమున టొరాంటో నగరమునకు వెళ్లెను. మొదటి ప్రపంచయుద్ధమున గాయపడి వచ్చిన సైనికులను వీథులలో చూచి హృదయము కరగి, చదువు మాని, 1918లో అచ్చటి సైనిక వైద్యశాలలో పరిచారికగ చేరెను. తీరిక వేళల విమానములను చూచుటకు పోవుచుండెను. రెక్కలపై మంచును చిమ్ముచు లేచిపోవు ఆ యంత్రములు ఆమె మనస్సున నాటుకొనెను.

విమానవిద్యాభ్యాసము

1920 డిసెంబరు 28వ తేదీన కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌నందు ఫ్రాంక్ హాక్స్ అను వైమానికుడు పది డాలర్లు పుచ్చుకొని ఆమెను పది నిమిషములు ఆకాశమున త్రిప్పెను. నేల విడిచి కొన్ని వందల అడుగులు లేచినంతనే, తానును విమానము నడుపవలయునని ఆమె నిశ్చయించుకొనెను. 1921 జనవరి 3వ తేదీన నేటా స్నూక్ అను స్త్రీ వైమానికురాలివద్ద శిష్యురాలుగ చేరెను. జీతము చాలక టెలిఫోను కంపెనీలో పనిచేసి సొమ్ము కూడబెట్టి, ఆ సంవత్సరమే పసుపుపచ్చని చిన్న విమానము నొకదానిని కొని, దానికి కెనారీ పిట్ట పేరు పెట్టుకొనెను. 1922 అక్టోబరు 22వ తేదీన 14,000 అడుగుల యెత్తునకు లేచి స్త్రీలలో అంతకుముందెవ్వరును చేరని యెత్తును చేరెను. 1923 మే నెలలో ఆమెకు అంతర్జాతీయ వైమానిక సంఘము వారి యనుమతిపత్రము లభించెను.

కాని విమానము అన్నము పెట్టలేదు. కుటుంబపు ధనము నష్టమయ్యెను, తల్లిదండ్రులు విడిపోయిరి. ఆమె విమానమును అమ్మివేసి బోస్టన్ నగరమునకు పోయి, డెనిసన్ హౌస్ అను సేవాసంస్థలో వలస కుటుంబముల పిల్లలకు ఆంగ్లభాష నేర్పు పనిలో కుదిరెను.

మొదటి కీర్తి

1928లో అట్లాంటిక్ మహాసముద్రమును విమానమున దాటు మొదటి స్త్రీగ పోవుటకు ఆమెకు పిలుపు వచ్చెను. ఫ్రెండ్‌షిప్ అను ఆ విమానమును విల్మర్ స్టుల్ట్జ్ నడుపువాడు, లూయిస్ గోర్డన్ యంత్రములు చూచువాడు. చక్రములకు మాఱుగ పడవలవంటి రెండు తేలుడు తొట్లు అమర్చిన విమానమది. న్యూఫౌండ్లండ్ ద్వీపమున ట్రెపాసీ అను రేవునందు వారు పదమూడు దినములు చిక్కుకొనిరి. పెట్రోలు బరువుతో విమానము నీటినుండి లేవకుండెను. ఎన్నియో పర్యాయములు ప్రయత్నించి, కొంత పెట్రోలును తగ్గించుకొని, తుదకు జూన్ 17వ తేదీన లేచిరి. 20 గంటల 40 నిమిషములకు వేల్స్ దేశమున బరీ పోర్ట్ వద్ద నీటిపై దిగిరి.

లోకమంతయు ఆమెను పొగడెను. ఆమె మాత్రము ఆ పొగడ్తకు సిగ్గుపడెను. తాను విమానమును నడుపలేదనియు, ఉర్లగడ్డల బస్తావలె కూర్చుండి వచ్చితిననియు బహిరంగముగనే చెప్పెను. ఆ యాత్రను గూర్చి వ్రాసిన పుస్తకమునకు ప్రయాణకాలమునే పేరుగ పెట్టెను. తన పేరున జమపడిన కీర్తి తన శ్రమవలన వచ్చినది కాదని యెఱిగి, ఆ ఋణమును తీర్చుకొనుటకై ఆమె నాలుగేండ్లు పాటుపడెను.

1929లో స్త్రీ వైమానికుల సంఘము ఏర్పడెను. మొదట చేరినవారి సంఖ్యనుబట్టి దానికి తొంబదితొమ్మిది అని పేరు కలిగెను. అమీలియా దాని మొదటి యధ్యక్షురాలయ్యెను. 1931 ఫిబ్రవరి 7వ తేదీన ఆమె పుస్తకప్రకాశకుడైన జార్జి పామర్ పుట్నమ్‌ను వివాహమాడెను.

ఒంటరి సముద్రలంఘనము

1932 మే 20వ తేదీ సాయంకాలము ఆమె న్యూఫౌండ్లండ్‌లోని హార్బర్ గ్రేస్‌నుండి లాక్‌హీడ్ వేగా అను ఎఱ్ఱని విమానమున ఒంటరిగ బయలుదేరెను. ఈ యాత్రకు ముందు విమానము నెలల తరబడి పరీక్షింపబడెను. బెర్న్ట్ బాల్కెన్ అను అనుభవజ్ఞుడైన వైమానికుడు దాని యొడలు గట్టిపఱపించి, పెట్రోలు తొట్లు చేర్పించి, బరువులు పెట్టి నడిపి చూచెను. అంత చేసినను దారిలో కష్టములు తప్పలేదు. ఎత్తును తెలుపు యంత్రము చెడెను. ఇంజను పొగగొట్టపు అతుకు విడి మంటలు కనబడెను. రెక్కలపై మంచు పేరుకొని విమానము గిరగిర తిరుగుచు సముద్రపు టలలు కనబడునంత క్రిందికి జారెను. పెట్రోలు కొలముద్రికనుండి చుక్కచుక్కగ కారి మెడపై పడుచుండెను. పదునాలుగు గంటల యేబదియాఱు నిమిషములకు ఐర్లండు ఉత్తరభాగమున లండన్‌డెఱ్ఱీ సమీపమున పశువులు మేయు పచ్చికబీటిలో ఆమె దిగెను. ఆవులు బెదరెను గాని ఒక్క దానికిని దెబ్బ తగులలేదు.

ఆమె ధైర్యమును అందఱు కొనియాడిరి. కాని ధైర్యముతోపాటు, నేలపై చేసిన పనియే ఆ రాత్రి ఆమెను నిలువబెట్టినదని మఱువరాదు. అతుకు విడినను ఇంజను ఆగలేదు, మంచు కప్పినను రెక్క విఱుగలేదు. అమెరికా ప్రభుత్వము ఆమెకు సైనిక వైమానికుల కిచ్చు ఉన్నత పతకమొకటి యిచ్చి గౌరవించెను. ఆ పతకము నందిన మొదటి స్త్రీ ఆమెయే. 1935 జనవరి 11వ తేదీన ఆమె హవాయి ద్వీపములనుండి కాలిఫోర్నియాకు పసిఫిక్ మహాసముద్రముపై 2,400 మైళ్లు ఒంటరిగ ఎగిరి వచ్చెను. ఆ యాత్రకు పాల్ మాంట్జ్ అను నేర్పరియైన వైమానికుడు విమానమును సిద్ధపఱచి, ద్వీపము వఱకు తోడు వెళ్లి, బయలుదేరునంతవఱకు ప్రతి భాగమును పరీక్షించెను.

బయలుదేరుటకు ముందు పరీక్ష

ఆ పరీక్ష యెట్టిదో కొంచెము తెలిసికొనవలసియున్నది. వైమానికుడు మొదట విమానముచుట్టు ప్రదక్షిణము చేయును. టైర్లలో గాలి చాలునా, చక్రములను మోయు కాళ్లు రెండును సమానమైన యెత్తున నిలిచినవా, వానిలోని నూనె కారుచున్నదా అని వంగి చూచును. ఆ కాళ్లలో గాలియు నూనెయు నింపిన గొట్టములుండును. విమానము నేలను తాకునపుడు కలుగు అదురును అవి మ్రింగును. పిమ్మట రెక్కల చివరనున్న పలకలు, తోకయందలి పలకలు అడ్డులేక కదలుచున్నవో లేవో చేతితో కదలించి చూచును. ముందరి పంఖాకు బీటలున్నవేమో తడవి చూచును. పెట్రోలు తొట్టిలో పుల్ల ముంచి కొలచును. అడుగున నీరు చేరినదేమో తీసి చూచును. తరువాత ఇంజను నడిపి దాని స్వరమును వినును. తుదకు రేడియో పలుకునో లేదో విచారించును.

ఇంత చిన్న విషయములను గొప్పవారు చూడనక్కఱలేదని తలంచుట పొరబాటు. 1935 అక్టోబరు 30వ తేదీన అమెరికాలో డేటన్ నగరమువద్ద బోయింగ్ కంపెనీవారి నాలుగు ఇంజన్ల క్రొత్త విమానము పరీక్షకై లేచి, వెంటనే కూలెను. గాలికి తోకపలకలు కొట్టుకొనకుండ నేలపై నున్నపుడు వేయు గడియను తీయుట మఱచిరి. నడిపిన మేజర్ హిల్ సామాన్యుడు కాడు, సైన్యమున పరీక్షావైమానికులకు పెద్ద. అతడును, కంపెనీ వైమానికుడైన టవర్‌ను ఆ ప్రమాదమువలన మరణించిరి. నేర్పు కొఱతచే కాదు, జ్ఞాపకము కొఱతచే ప్రాణములు పోయెనని గ్రహించి, చూడవలసిన వానినన్నిటిని కాగితముపై వరుసగ వ్రాసికొని, ఒక్కొక్కటి చదివి చూచు పద్ధతిని సైనిక వైమానికులు నెలకొల్పిరి. నోటిలెక్క యెంత గట్టిదైనను చిట్టాకెక్కనిది ఎన్నడో ఒకనాడు జారిపోవును. నేడు లోకమున లేచు ప్రతి విమానమును ఆ పట్టిక ప్రకారమే లేచుచున్నది.

భూప్రదక్షిణ సంకల్పము, చక్రభంగము

భూమధ్యరేఖ ననుసరించి భూమిని చుట్టి రావలెనని అమీలియా సంకల్పించెను. పర్డ్యూ విశ్వవిద్యాలయము వారి సహాయముచే 1936లో లాక్‌హీడ్ ఎలక్ట్రా అను రెండు ఇంజన్ల లోహవిమానము ఆమెకు లభించెను. దీని చక్రములు పూర్వపు విమానముల చక్రములవలె ఎల్లప్పుడు వ్రేలాడునవి కావు. నేల విడిచిన పిదప విద్యుత్తు మోటారుచే ముడుచుకొని ఇంజన్ల వెనుకనున్న గూళ్లలోనికి పోవును. దిగునపుడు మరల చాచుకొనును. గాలి యడ్డు తగ్గి వేగము హెచ్చుటకై చేసిన యేర్పాటిది. తోక క్రింద చిన్న చక్రము మఱొకటి యుండును.

ఇట్టి తోకచక్రపు విమానములకొక స్వభావము గలదు. విమానపు బరువు ప్రధానచక్రములకు వెనుకగ నుండును. అందుచే నేలపై పరుగిడునపుడు ముఖము కొంచెము ప్రక్కకు తిరిగినచో ఆ వంకర తనంతట తాను హెచ్చుచుండును. కాడి పట్టుకొని బండిని వెనుకకు నెట్టిచూచినవారికి ఇది తెలియును. వెంటనే సరిదిద్దనిచో విమానము ఒక్క చుట్టు తిరిగిపోవును. చక్రపు కాళ్లు పైనుండి పడు బరువును మోయుటకు కట్టబడినవి, ప్రక్కనుండి కలుగు తోపుడును అవి చాలసేపు తాళలేవు.

1937 మార్చి 17వ తేదీన ఆమె కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌నుండి లేచి పదునాఱు గంటలలోపల హవాయి చేరెను. మాంట్జ్‌యు, హారీ మానింగ్ అను నావికుడును, ఫ్రెడ్ నూనన్ అను మార్గదర్శియు వెంట నుండిరి. మానింగ్ టెలిగ్రాఫు సంకేతభాషలో దిట్ట. నూనన్ పసిఫిక్ విమానమార్గములను గుర్తించినవారిలో నొకడు. మార్చి 20వ తేదీ తెల్లవారుజామున ల్యూక్ ఫీల్డ్ అను విమానస్థలమునుండి, మాంట్జ్‌ను విడిచి, తక్కిన యిద్దఱితో ఆమె హౌలండ్ ద్వీపమునకు బయలుదేరెను. విమానమున సుమారు 900 గ్యాలన్ల పెట్రోలుండెను. పరుగు సాగుచుండగ విమానము కుడివైపునకు ఒరగెను. సరిదిద్దుటకై ఆమె ఎడమ ఇంజను వేగమును తగ్గించెను. విమానము ఎడమకు చుట్టుతిరిగెను. ఆ తోపుడునకు కుడిచక్రపు కాలు విఱిగెను, ఎడమదియు విఱిగెను. నిప్పురవ్వలు చిమ్ముచు విమానము పొట్టపై దేకుచుపోయి ఆగెను. అమీలియా తత్క్షణమే మీటలన్నిటిని ఆపివేసెను. అంత పెట్రోలున్నను నిప్పంటుకొనలేదు, ముగ్గురిలో నెవ్వరికిని గాయము తగులలేదు.

కారణమును గూర్చి భేదాభిప్రాయములు కలిగెను. కుడి టైరు పగిలియుండుననియో, చక్రపు కాలు బలహీనపడియుండుననియో ఆమె తలంచెను. ఇంజన్ల వేగమును హెచ్చించి తగ్గించుటయే కారణమని మాంట్జ్ తలంచెను. సైన్యమువారు విచారించి, చుట్టుతిరుగుటచే చక్రపు కాళ్లు కూలినవని నిర్ణయించిరి గాని, విమానము ఏల చుట్టుతిరిగెనో తేల్చుటకు ఆధారములు చాలవనిరి.

రెండవ యత్నము

విఱిగిన విమానమును ఓడపై కాలిఫోర్నియాకు చేర్చి, లాక్‌హీడ్ కర్మాగారమున బాగుచేయించిరి. చక్రములు, కాళ్లు, రెక్కలు, పొట్ట సమస్తము చక్కబడెను. కాని యీ రెండు నెలలలో కంటికి కనబడని కొన్ని మార్పులు జరిగెను. మానింగ్ సెలవు ముగిసి వెడలిపోయెను. అతనితో సంకేతభాషాజ్ఞానమును పోయెను. అమీలియాకుగాని నూనన్‌కుగాని అందు తగినంత ప్రవేశము లేదు. ఓడలు విస్తారముగ వాడు 500 కిలోసైకిళ్ల ధ్వనితరంగములకు అవసరమైన పొడుగాటి వ్రేలాడు తీగ, రెండవ యాత్రకు బయలుదేరునాటికి విమానమునందు లేకుండెను. దానిని విడుచుట, చుట్టుట శ్రమ యనియు, బరువనియు తలచిరి. మాంట్జ్ ఊరలేని సమయమున ప్రయాణము సాగెను. ఋతువు మాఱుటచే ఈసారి తూర్పుముఖముగ పోవుటకు నిశ్చయించిరి.

జూన్ 1వ తేదీన మయామీ నగరము విడిచి, దక్షిణ అమెరికా తీరమున బ్రెజిల్ చేరి, అట్లాంటిక్ దాటి ఆఫ్రికా ప్రవేశించిరి. ఫోర్ట్ లామీ అను చోట చక్రపు కాలియందలి గొట్టము కారుచున్నట్లు కనుగొని, అది బాగగువఱకు కదలలేదు. ల్యూక్ ఫీల్డ్ నేర్పిన పాఠము మఱవలేదన్నమాట. ఎఱ్ఱసముద్రతీరమున అసాబ్‌నుండి లేచి, అరేబియా తీరము ప్రక్కగ ఎక్కడను దిగక జూన్ 15వ తేదీన నాటి హిందూదేశపు కరాచీ చేరిరి. ఎఱ్ఱసముద్రమునుండి కరాచీకి నడుమ దిగక వచ్చిన మొదటి వైమానికయాత్ర యిదియే. అచ్చట ఆమె ఒంటెనెక్కి ముచ్చట తీర్చుకొనెను.

జూన్ 17వ తేదీన కలకత్తాలో డండం విమానస్థలమున దిగిరి. అప్పటికే వానకాలము ప్రవేశించెను. రాత్రి కురిసిన వర్షమునకు మైదానము బురదయయ్యెను. మఱునాటి యుదయము విమానము పరుగిడుచుండగ చక్రములు మన్నునకు కఱచుకొని విడువకుండెను. మైదానపు చివర చెట్లు దగ్గఱపడుచుండగ వెండ్రుకవాసిలో విమానము లేచెను. భారతకథ నెఱిగినవారికి కర్ణుని రథచక్రము జ్ఞప్తికి వచ్చును. కర్ణుని చక్రమునకు శాపము కారణము. విమానచక్రమునకు బరువు, బురద, టైరులోని గాలి కారణములు. శాపమునకు విరుగుడు లేదు గాని వీనికి గలదు. బర్మాలో అక్యాబ్ విడిచినపుడు వర్షధార రెక్కల యంచులనుండి రంగును ఊడదీయునంత తీవ్రముగ నుండి, వెనుకకు మఱల్చెను. అట్లే రంగూను, బాంకాకు, సింగపూరు దాటి జావాలోని బండుంగు చేరి, అచ్చట కొన్ని దినములు నిలిచి పాడైన కొలముద్రికలను బాగుచేయించిరి.

పరీక్షించి విడిచిన లోపము

ఆస్ట్రేలియాలో డార్విన్ చేరునప్పటికి, రేడియోధ్వని ఏ దిక్కునుండి వచ్చుచున్నదో తెలుపు యంత్రము పలుకకుండెను. విప్పి చూడగ ఫ్యూజు కాలియుండెను. మార్చిరి. జూన్ 29వ తేదీన న్యూగినీలోని లే అను చోట దిగిరి. జూలై 1వ తేదీన అచ్చట విమానమును లేపి పరీక్షించినపుడు ఆ దిక్కు తెలుపు యంత్రము లే స్టేషనుయొక్క దిక్కును చూపలేకపోయెను. స్టేషనునకు మిక్కిలి దగ్గఱగ నుండుటచే అట్లయినదని అమీలియా తలంచెను. దూరమునుండి మరల పరీక్షించి చూడలేదు.

ఇదియే యీ చరిత్రమున మిక్కిలి విచారింపదగిన ఘట్టము. పరీక్ష జరుగలేదని చెప్పుటకు వీలులేదు, జరిగెను. లోపము కనబడెను. కాని కనబడిన లోపమునకు అనుకూలమైన కారణమొకటి తోచుటచే అది లెక్కలోనుండి కొట్టివేయబడెను. కారుచున్న చక్రపు కాలు కంటికి కనబడును, చేతికి నూనె యంటును, కావున దానికై ఆగిరి. పలుకని రేడియో కంటికి కనబడదు.

జూలై 2వ తేదీ ఉదయము 10 గంటలకు సుమారు 1,100 గ్యాలన్ల పెట్రోలుతో ఎలక్ట్రా లే విడిచెను. చక్రములు సరిగ పరుగిడెను, సరిగ ముడుచుకొనెను. గమ్యమైన హౌలండ్ ద్వీపము 2,556 మైళ్ల దూరము. ఆ ద్వీపము ఒకటిన్నర మైలు పొడవు, అరమైలు వెడల్పుగల యిసుకతిన్నె. చెట్టు లేదు, గుట్ట లేదు. ఆనాటి పటములలో దాని స్థానము కొన్ని మైళ్లు తప్పుగ గుర్తింపబడియుండెను. దారి చూపుటకు ఇటాస్కా అను ప్రభుత్వపు ఓడ అచ్చట నిలిచియుండెను.

ఇరువది గంటల ప్రయాణానంతరము ఆమె కంఠము ఓడవారికి బిగ్గరగ వినవచ్చెను. ద్వీపము దగ్గఱనే యుండవలెను గాని కనబడుటలేదనియు, పెట్రోలు తగ్గుచున్నదనియు తెలిపెను. ఓడవారి మాటలు ఆమెకు వినబడలేదు. వారు పంపిన సంకేతధ్వని ఒక్కమాఱు వినబడెను గాని, అది యే దిక్కునుండి వచ్చుచున్నదో ఆమె యంత్రము చెప్పలేకపోయెను. ఆమె కోరిన తరంగము ఆ యంత్రమునకు తగినది కాదు. ఎవరు ఏ తరంగమున పలుకవలెను, ఎవరు ఎవరి దిక్కు కనుగొనవలెను అను విషయమున ఓడవారికిని ఆమెకును ముందుగ సరియైన యొడంబడిక లేకపోయెను. ఆమె పలుకు కొలది క్షణములలో ఆమె దిక్కును ఓడవారును కనుగొనలేకపోయిరి. ఓడనుండి నల్లని పొగ వదలిరి. ఉదయము 8 గంటల 43 నిమిషములకు తామున్న రేఖను తెలుపుచు ఆమె పంపిన సమాచారము వినబడెను. ఆ తరువాత ఏమియు నిశ్చయముగ వినబడలేదు.

అన్వేషణము

అమెరికా నౌకాదళము లెక్సింగ్టన్ అను విమానవాహక నౌకను, మఱికొన్ని ఓడలను పంపి జూలై 19వ తేదీ వఱకు సుమారు రెండున్నర లక్షల చదరపు మైళ్ల సముద్రమును గాలించెను. ఒక్క ముక్కయు దొరకలేదు. 1939 జనవరి 5వ తేదీన న్యాయస్థానము ఆమె మరణించినట్లు ప్రకటించెను. పెట్రోలు అయిపోయి సముద్రమున మునిగిరని పలువురు తలంతురు. మఱియొక ద్వీపమున దిగి కొంతకాలము జీవించిరని కొందఱు వాదింతురు. 2024లో వెలువడిన యొక సముద్రగర్భపు ధ్వనిచిత్రము ఆమె విమానమే కావచ్చునని కొన్ని నెలలు కొందఱు తలంచిరి. దగ్గఱనుండి చూడగ అది శిల యని తేలెను.

ఉపసంహారము

అమీలియా నలువదేండ్లు నిండుటకు ఇంక మూడు వారములుండగ అంతర్హితురాలయ్యెను. స్త్రీలు యంత్రములకు దూరముగ నుండవలెనని లోకము తలంచిన దినములలో, తన సంపాదనతో విమానము కొని, తన చేతులతో నడిపి, తనకు తగని కీర్తిని కాదని, తగిన కీర్తిని సంపాదించుకొనిన ధీరురాలు. ఆమె నెలకొల్పిన వైమానికురాండ్ర సంఘము నేటికిని వర్ధిల్లుచున్నది. ఆమెను నిందించుటకు ఈ చరిత్రము వ్రాయబడలేదు. ఓడవారి తప్పు కలదు, పటముల తప్పు కలదు, మేఘములు, ఎదురుటెండ, అలసట కలవు.

అయినను ఆమెను గౌరవించు మార్గము పొగడ్తకంటె ఆమె చరిత్రమునుండి నేర్చుకొనుటయే. విఱిగిన చక్రమును బాగుచేయుట సులభము. ఏలయనగ అది విఱిగినట్లు అందఱికి కనబడును. పనిచేయునో లేదో తెలియని దానిని, పనిచేయునని అనుకొనుటయే అపాయము. ఈ నీతి విమానములకే కాదు. బావి దిగుటకు ముందు మోకును, పంట కాలువకు నీరు విడుచుటకు ముందు తూమును, తూర్పారపట్టుటకు ముందు గాలిని చూచుకొను రైతునకును ఇది చెల్లును. సందేహము కలిగినపుడు దానికి మనకు నచ్చిన సమాధానము చెప్పుకొనక, మఱొకసారి పరీక్షించి చూచుట వివేకము. ఒక్క దినము ఆలస్యమైన ప్రయాణము నష్టము కాదు. లే విమానస్థలమున ఆ యొక్క దినము నిలిచియున్నచో, హౌలండ్ ఇసుకతిన్నెపై ఎలక్ట్రా చక్రములు దిగియుండెడివేమో.